కొలోన్ కార్నివాల్‌కి మనం ఏం వేసుకుని పోవాల?

పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

జర్మనీకి కొత్తగా వచ్చిన మన పిల్లలు ఫిబ్రవరి రాగానే ఒకటే మాట అడుగుతాండారు. "అన్నా, ఈడ కార్నివాల్ అంట, అందరూ వేషాలేసుకుంటాండారు. మీ లంబాడీ డ్రెస్ ఊర్నుంచి తెప్పించుకో, అదిరిపోతుంది అంటాండారు మా రూమ్మేట్లు. వేసుకోవచ్చా?" ఈ ఏడాది ఒక చెల్లెలికి ఇంకో చిక్కు వచ్చింది. "నువ్వు వేసుకోకపోతే నాకియ్యి, నేనేసుకుంటా" అంది తనతో చదివే తెలుగమ్మాయి. ఇయ్యాలా వద్దా అని చెల్లెలు మమ్మల్ని అడిగింది. దీనిమీద మాలో మేమే రెండు రాత్రులు వాదించుకున్నాం.

మేమంటే ముద్దనూరు, పులివెందుల, వేంపల్లె వైపు నుంచి వచ్చి రైన్ నది పక్క ఊళ్లల్లో చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో ఉన్న నలుగురైదుగురం. సుగాలీలం ఎక్కువ, ఎరుకల ఇంటి నుంచి ఒకరు. 2023-24 చలికాలం సెమిస్టర్ నాటికే జర్మనీలో 49 వేలకు పైగా భారతీయ విద్యార్థులు ఉన్నారు. మన దగ్గర చూస్తే కేంద్ర గిరిజన శాఖ ఇచ్చే విదేశీ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి ఏడాదికి 20 మందికే. అందుకే ఇట్లాంటి ప్రశ్న వచ్చినప్పుడు అడగడానికి పక్కన మనవాళ్లు ఉండరు. తెలుగు సంఘం వాళ్లను అడిగితే "దాంట్లో ఏముంది, కల్చరే కదా" అంటారు. ఏముందో చెప్పడానికే ఈ పోస్టు.

ముందు కార్నివాల్ అంటే ఏందో తెలియని తమ్ముళ్ల కోసం నాలుగు మాటలు. నవంబర్ 11న పొద్దున 11 గంటల 11 నిమిషాలకు మొదలుపెడతారు. ఆ ఒక్కరోజు ఆడి మళ్లీ మూట కట్టేస్తారు. అసలు పండగ ఈస్టరు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలకు ముందు వారం. గురువారం ఆడవాళ్ల రోజు. కత్తెర పట్టుకుని తిరుగుతుంటారు, టై కట్టుకుని ఆఫీసుకు వచ్చిన మగవాడి టై సగానికి కత్తిరిస్తారు. మేనేజరైనా సరే, నవ్వుకుంటూ నిలబడాల్సిందే. సోమవారం పెద్ద ఊరేగింపు. కొలోన్‌లో ఇది పద్ధతి ప్రకారం మొదలైంది 1823లో. బండ్ల మీదనుంచి చాక్లెట్లు, మిఠాయిలు, పూలగుత్తులు విసురుతుంటారు, కింద జనం "కమెల్లె, కమెల్లె" అని అరుస్తా గొడుగులు తిరగేసి పట్టుకుంటారు. మంగళవారం రాత్రి, బార్ల ముందు వేలాడదీసిన గడ్డి మనిషిని కాలుస్తారు. వాడి పేరు నుబ్బెల్. వారం రోజులు తాగింది, తప్పులు చేసింది, డబ్బులు తగలేసింది అన్నీ వాడి నెత్తినే. బుధవారం నుదుటిన బూడిద పెట్టించుకుని చేపల కూర తిని మళ్లీ మామూలు జర్మన్లు అయిపోతారు.

చదువుతుంటే మీకూ తోచే ఉంటుంది. ఇదంతా మనకు తెలిసిందే కదా అని. మాకూ అట్లే అనిపించింది. బండ్ల ఊరేగింపు ప్రొద్దుటూరు దసరా చూసినోళ్లకు కొత్త కాదు. పీర్ల పండక్కి పులివేషాలు చూసి పెరిగినోళ్లం. తిరుపతి గంగమ్మ జాతరలో మగాళ్లు చీరలు కట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టుకుంటా పోవడం మన సీమలో ఎవరికి తెలియదు? ఇంక మన తండా హోలీ సంగతి చెప్పాల్నా! ఆడవాళ్లు కర్రలు పట్టుకుని మగవాళ్లను తరమడం, ఎవరు కనబడితే వాళ్లను నిలబెట్టి ఫాగ్ అడగడం, లేంగి పాటల్లో నాయక్‌ను, కారభారిని, బావల్ని, మరుదుల్ని వరసబెట్టి ఎగతాళి చేయడం. ఏడాదంతా తలెత్తని కోడలు ఆరోజు మామ వరసైనోడి మీద పాట కడుతుంది. ఈడ కత్తెరతో టై కత్తిరించే ఆడమనిషిని చూస్తే మాకు కర్ర పట్టుకున్న మా మేనత్తే గుర్తొచ్చింది. కామదహనం చేసే మనకు నుబ్బెల్‌ను కాల్చడం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తిథులు కూడా దగ్గరదగ్గరగానే పడతాయి. ఈస్టరును పౌర్ణమి లెక్కన పెడతారు, అందులో 48 రోజులు వెనక్కి పోతే ఈ సోమవారం. అంటే ఎప్పుడూ అమావాస్య అటూ ఇటూ. 2025లో మనకు శివరాత్రి అయిన మర్నాడే ఇక్కడ ఆడవాళ్ల గురువారం. 2026లో ఫిబ్రవరి 15 ఆదివారం శివరాత్రి, అదేరోజు సేవాలాల్ మహరాజ్ జయంతి, మర్నాడే కొలోన్‌లో పెద్ద ఊరేగింపు. అదే వారంలో వాళ్ల ఉపవాసాలూ మొదలు, రంజాన్ ఉపవాసాలూ మొదలు. శివరాత్రి అయినాక తండాలో హోలీ సందడి మొదలవుతుంది చూడండి, సరిగ్గా ఆ గాలి ఇక్కడ తగులుతుంది. 2024లో మాత్రం నెల తేడా వచ్చింది, ప్రతి ఏడూ కలవదు.

కాబట్టి పోవాలా వద్దా అన్నదానికి మా జవాబు: పోండి. తప్పకుండా పోండి. ఏడాదంతా ట్రామ్‌లో పక్కన కూర్చుని కూడా పలకరించని మనిషి ఆరోజు చెయ్యి పట్టుకుని పాటకు ఊగుతాడు. కొత్తగా వచ్చి ఒంటరిగా ఉన్నోళ్లకు ఇది మందు లాంటిది. ఒకటే జాగ్రత్త, తాగుడు విపరీతం. అమ్మాయిలు గుంపుగా పోండి, ఎవడైనా చెయ్యేస్తే గట్టిగా అరవండి, పోలీసులు అడుగడుక్కీ ఉంటారు. మగపిల్లలూ గుర్తుపెట్టుకోండి, 2015 డిసెంబర్ 31 రాత్రి కొలోన్ స్టేషన్ ముందు జరిగిన దాడుల తర్వాత నల్లగా కనబడే కుర్రాళ్ల గుంపును చూసే చూపు మారింది. న్యాయమా అంటే కాదు. ఐడీ కార్డు జేబులో పెట్టుకుని పోండి.

ఇంక ఏం వేసుకోవాలి అన్నది.

జనవరి నుంచే వేషాల షాపులు నిండిపోతాయి. పోలీసు, డాక్టరు, ఎలుగుబంటి, జోకరు, బోలెడు ఉంటాయి. వాటి పక్కనే ఇంకో వరస. ఈకల కిరీటం, జాలర్లు వేలాడే తోలు చొక్కా, దానిమీద 'ఇండియన్' అని రాసి ఉంటుంది. మనం కాదు, అమెరికా ఆదివాసులు. వీళ్ల మీద జర్మన్లకు చెప్పలేనంత ప్రేమ. కార్ల్ మై అనే రచయిత 1893లో విన్నెటూ అనే అపాచీ వీరుడి నవల రాశాడు. అప్పటికి ఆయన అమెరికా ముఖం చూసినోడు కాదు. నాలుగు తరాలు ఆ కథ చదివి పెరిగాయి. 2019లో హాంబర్గ్‌లో ఒక పిల్లల బడి వాళ్లు "దయచేసి పిల్లలకు ఈ వేషం వద్దు" అని తల్లిదండ్రులకు రాస్తే దేశమంతా పేపర్లలో గొడవ. 2022లో ఒక ప్రచురణ సంస్థ విన్నెటూ పిల్లల పుస్తకాలు వెనక్కి తీసుకుంటే మళ్లీ గొడవ. "మా చిన్నప్పటి ఆటను లాక్కుంటారా" అని బాధపడ్డారు. ఆ బాధ నిజమైందే కావచ్చు. కానీ ఆ గొడవ అంతట్లో అపాచీ మనిషిని పిలిచి "నీకెట్లా ఉంది" అని అడిగినోళ్లు తక్కువ.

కొలోన్‌లో ఇంకో వింత. ఇక్కడ 'తెగలు' అని క్లబ్బులు ఉన్నాయి. హూణులు, మంగోలులు అని పేర్లు పెట్టుకుని, తోళ్లు కప్పుకుని, ఎండాకాలంలో డేరాలేసుకుని ఉంటారు. ఒక హూణుల క్లబ్బు 1958 నుంచీ ఉంది. బ్యాంకులో పనిచేసేవాడు, ప్లంబరు, టీచరు శనివారం వస్తే తెగ మనుషులు. శ్రద్ధగా కుట్టుకుంటారు, చదువుకుని చేస్తారు, ఎగతాళి కాదు. మాలో ఒకరికి అది చూసి ముచ్చటేసింది, ఇంకొకరికి కడుపు మండింది. "వాడికి సోమవారం తెగ సర్టిఫికెట్టు అడిగేవాడు ఎవడూ ఉండడు కదా" అన్నారు ఆ రెండో మనిషి. మనకు కులధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో గుర్తొచ్చింది పాపం.

అయితే మమ్మల్ని నిజంగా నిలబెట్టేసింది ఈకల కిరీటం కాదు. దాని పక్క కొక్కేనికి తగిలించిన గాగరా. ఘేరా ఎక్కువున్న ఎర్ర పావడ, నాణేలు కుట్టిన నడుంపట్టీ, తలకు రుమాలు, చెవులకు పెద్ద రింగులు. చీటీ మీద 'జిప్సీ' అని ఉంది. దూరం నుంచి చూస్తే మా అవ్వ పేటియానే.

రోమా, సింతీ జనాన్ని వీళ్లు ఆ పేరుతో పిలిచేవాళ్లు. ఇప్పుడు ఆ మాట తిట్టుకింద లెక్క. వాళ్ల భాష పుట్టింది మన దేశంలోనే అని భాషాశాస్త్రం ఎప్పుడో తేల్చింది. వాళ్లు బంజారాల సొంత రక్తమేనని మన సభల్లో కొందరు పెద్దలు చెబుతుంటారు, అంత దూరం మేం పోము. లెక్కపెట్టేది మాత్రం వినండి: ఏఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పాంజ్. మన గోర్ బోలీలో ఏక్, ది, తీన్, చార్, పాంచ్. నీళ్లు వాళ్లకూ పానీనే. హిట్లర్ కాలంలో యూరప్ మొత్తం మీద ఈ జనాన్ని రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా చంపారని అంచనాలు. ఇదే కొలోన్ నుంచి 1940 మే నెలలో వెయ్యిమంది దాకా రోమా, సింతీలను రైళ్లలో ఎక్కించి పోలండ్‌కు తోలేశారు. 1990లో గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు వాళ్లను నడిపించుకుపోయిన దారి వెంబడి రోడ్ల మీద 'వెయ్యిమంది రోమా, సింతీలు' అని గీత గీసుకుంటూ పోయాడు. బెర్లిన్‌లో వాళ్లకు జాతీయ స్మారకం కట్టడానికి 2012 దాకా పట్టింది. అదే ఊరి షాపులో వాళ్ల బట్టలు నవ్వుకోడానికి వేలాడుతున్నాయి.

కార్నివాల్ అంటే పైవాళ్లను ఎగతాళి చేయడం, దొరల్ని కిందికి దించడం అని పుస్తకాల్లో చదువుకున్నాం. సగం నిజమే. డ్యూసెల్‌డోర్ఫ్‌లో జాక్ టిల్లీ అనే శిల్పి చేసే బండ్ల మీద పుతిన్, ట్రంప్ లాంటోళ్లు కూడా బొమ్మలై నవ్వులపాలవుతారు. చూసి తీరాల్సిందే. కానీ ఎగతాళికి పైకీ కిందికీ తేడా తెలియదు, పట్టుకున్నోడి చేతిని బట్టి పోతుంది. 1934లో కొలోన్ ఊరేగింపులోనే యూదుల వేషాలేసుకుని, వాళ్లు దేశం విడిచి పోతున్నారని నవ్వుకుంటూ ఒక బండి తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఏం జరిగిందో లోకానికంతా తెలుసు.

ఇప్పుడు జర్మన్లను తిట్టి ఊరుకుంటే సుఖంగా ఉంటుంది. మన ఊరి సంగతి కూడా చూద్దాం.

మాలో ఎరుకల ఇంటి నుంచి వచ్చిన మనిషి చెప్పిన మాట ఇది. చిన్నప్పుడు బడిలో వార్షికోత్సవం. వేషాల పోటీ. పెద్దింటి పిల్ల ఒకతి గంప, చేతిలో కర్ర, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని "సోది చెప్తానమ్మ సోది" అని ఎరుకలసాని వేషం వేసింది. అంతా పడీపడీ నవ్వారు. ఫస్ట్ ప్రైజు. మా మనిషి వాళ్లవ్వ నిజంగా సోది చెప్పుకుంటూ ప్రొద్దుటూరు వీధుల్లో తిరిగి గుప్పెడు బియ్యం తెచ్చేది. ఆ వారమంతా క్లాసులో ఆ గొంతుతోనే ఏడిపించారట. గంప అదే, కర్ర అదే, బొట్టు అదే. ఒకరికి ప్రైజు వచ్చింది, ఇంకొకరు ఇంటిపేరు చెప్పడం మానేశారు.

మన సినిమాల్లో కోయదొర వచ్చాడంటే జాతకం చెప్పి మోసం చేసేవాడే. బడిపిల్లలకు ఆదివాసీ వేషం అంటే ఆకులు కట్టి, ముఖానికి మసి పూసి, అర్థంపర్థం లేని కేకలు పెట్టించడమే. 1871లో తెచ్చిన నేరస్త జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలుచేసి ఎరుకలవాళ్లను పోలీసుస్టేషన్‌లో హాజరు వేయించారు. ఆ చట్టం పోయింది 1952లో. ఆ చూపు పోలేదు.

మన పేటియా, కాంచళి సంగతి ఇంకా విచిత్రం. మా అవ్వల తరం అవి ఎందుకు విడిచిపెట్టింది? బరువని మాత్రమే కాదు. బస్సెక్కితే సీటు పక్కన కూర్చోనియ్యరు, సంతకు పోతే దొంగల్ని చూసినట్టు చూస్తారు, ఆస్పత్రిలో నర్సు దూరంగా నిలబడి మాట్లాడుతుంది. చీర కట్టుకుంటే ఆ బాధ కొంచెం తగ్గుతుందని చీర కట్టుకున్నారు. అద్దాలు, గవ్వలు, బళియాలు పెట్టెలో పోయాయి, ఆ తర్వాత పాతసామాన్లవాడికి పోయాయి. ఇప్పుడవే అద్దెకిచ్చే షాపుల్లో ఉన్నాయి. పెళ్లి ఫోటోలకు 'బంజారా థీమ్' అంట, కాలేజీలో ట్రెడిషనల్ డేకి లంబాడీ డాన్స్ అంట. అవ్వ వేసుకుంటే అసహ్యం, అద్దెకు తెచ్చుకున్నోళ్లు వేసుకుంటే అందం.

అందుకే మాలో జరిగిన వాదన. ఒకరన్నారు: "వేసుకుని పోదాం. దాచుకుంటే దాచుకున్నట్టే పోతుంది. నలుగురు అడుగుతారు, చెబుతాం, అట్లన్నా తెలుస్తుంది." బలమైన మాటే. మిగతావాళ్లం ఒప్పుకోలేదు. ఏంటికంటే, కార్నివాల్ సోమవారం ఏం వేసుకున్నా దానికి ఒకటే అర్థం: 'నేను ఇది కాదు.' పోలీసు వేషం వేసినోడు పోలీసు కాదు, ఎలుగుబంటి వేషం వేసినోడు ఎలుగుబంటి కాదు. మన అమ్మాయి పేటియా కట్టుకుని ఆ గుంపులో నిలబడితే ఎలుగుబంటికీ జోకరుకీ మధ్య ఇంకో వేషం. తెల్లారితే తీసేసేది. "ఇది మా అవ్వ బట్టరా" అని ఆ డప్పుల మోతలో ఎవరికి వినబడుతుంది? చెల్లెలు కూడా ఆలోచించి ఆ తెలుగమ్మాయికి ఇయ్యనని చెప్పింది. ఆ పిల్ల అలిగింది. అలగనీ.

ఈ విషయంలో మనకు దారి చూపించింది మళ్లీ జర్మన్లే. దక్షిణాన బ్లాక్ ఫారెస్ట్ వైపు కార్నివాల్ వేరే రకం. చెక్కతో చెక్కిన ముఖాలు, మంత్రగత్తెలు, గంటలు కట్టుకున్న పిచ్చోళ్లు. అక్కడ వేషం షాపులో కొనుక్కునేది కాదు. ప్రతి ఊరికీ ఒక సంఘం ఉంటుంది. ఈ ముఖం ఈ ఊరిది, ఈ బట్ట ఈ సంఘానిది అని కట్టుబాటు. సంఘం ఒప్పుకోని వేషానికి ఊరేగింపులో చోటు లేదు. తాత ముఖం మనవడికి వస్తుంది. రోట్‌వైల్ అనే ఊళ్లో సోమవారం పొద్దున 8 గంటలకు పాత కోట గుమ్మంలోంచి దూకుతూ బయటికొస్తారు, చూసే మనకు ఒళ్లు పులకరిస్తుంది. ఈ సంఘాల్లో కొన్ని కలిసి 1924లోనే పెద్ద సమాఖ్య కట్టుకున్నాయి. 2014లో ప్రభుత్వం ఈ పండగను దేశ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. "నాకొక రోజుకు ఇస్తావా, ఫోటో దిగుతా" అని అడగాలని అక్కడ మాకెవరికీ నోరు రాలేదు. అడగకూడదని ఆ వాతావరణమే చెబుతుంది.

తమ ముఖాల్ని అంత పదిలంగా కాపాడుకునే దేశమే ఇంకొకరి ఈకల్ని షాపులో అమ్ముతుంది. వాళ్లకు తెలియక కాదు. అవతలివాడికీ ఒక సంఘం ఉంది, ఒక గుమ్మం ఉంది అనుకోరు, అంతే. ఆ మాట చెప్పాల్సింది అవతలివాడే. 2011లో అమెరికాలో ఒహాయో యూనివర్సిటీ విద్యార్థులు కొందరు అదే పని చేశారు, 'మేము సంస్కృతి, వేషం కాదు' అని పోస్టర్లు వేస్తే దేశాలన్నీ తిరిగాయి. వాళ్లూ మనలాంటి పిల్లలే, చిన్న గుంపే.

మరి మన సంఘం ఏం చేయాలి? మా అభిప్రాయం చెబుతున్నాం, ఒప్పుకోకపోతే వాదించండి. పేటియాను పెట్టెలో దాచమని మేం చెప్పడం లేదు. దాని రోజులు దానికి ఉన్నాయి. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి వేసుకోండి, అది కార్నివాల్ వారంలోనే పడినా సరే. హోలీకి వేసుకోండి. చదువు పూర్తయి పట్టా తీసుకునే రోజు వేసుకోండి, యూనివర్సిటీ మెట్ల మీద అది వేషం అని ఎవడూ అనుకోడు. ఊళ్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కాలేజీలో ట్రెడిషనల్ డేకి ఎవరైనా మన బట్ట కట్టుకుంటుంటే గొడవ పెట్టుకోవద్దు, పోయి అడగండి: దీన్ని ఏమంటారో తెలుసా, ఈ అద్దాలు ఎందుకు, ఎవరు కుట్టారు అని. అదే కాలేజీలో కోయదొర స్కిట్ వేస్తుంటే మాత్రం ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, ఎరుకల, యానాది పిల్లలతో కలిసి సంతకాలు పెట్టండి. ఒక్క సుగాలీ పిల్లోడు పోతే కసురుతారు, ముగ్గురు నలుగురు కలిసి పోతే కూర్చోబెడతారు.

ఇంకొకటి, మనలో మనం మాట్లాడుకోవాల్సింది. లేంగి పాటలంటే మన చదువుకున్నోళ్లకే సిగ్గు. "బూతులుంటాయి అన్నా" అంటారు. ఉంటాయి. జర్మన్ల పాటల్లో లేవా? బ్యాంకు మేనేజర్లు పాడుకుంటారు, ఎవడూ చిన్నబోడు. మన జర్మనీ మిత్రులకు ఇంకో తమాషా తెలుసో లేదో, 2012 నుంచి వీళ్లు టికెట్ పెట్టి హోలీ ఆడుతున్నారు, అదీ జూలైలో! ఎండ బాగుంటుందని. పున్నమి లేదు, పాట లేదు, వరస లేదు, రంగుపొడి మాత్రం ఉంది. మనం మన పాట వదిలేస్తే మనకు మిగిలేదీ అదే. ఇంకో మాట, మగపిల్లోడికే ధూండ్ చేయడం ఇంక చాలు. ఆడపిల్లకూ చేయాలి. పెద్దలు కోప్పడితే కోప్పడనీ.

మేం చేసిన పని చెబుతాం. ఈ సోమవారం అందరం ఊరేగింపుకు పోయాం, ముక్కుకు ఎర్ర బుడిపె పెట్టుకుని జోకర్లుగా. సంచి నిండా చాక్లెట్లు తెచ్చుకున్నాం, నెల రోజులకు సరిపోతాయి. హోలీకి ఊరి బయట ఒక తోట మాట్లాడుకున్నాం. మంట వేయాలంటే ఇక్కడ ముందే అనుమతి కావాలి, ఈసారికి దొరికేటట్టు లేదు, కాబట్టి కామదహనం ఊళ్లోనే చూడాలి, వీడియో కాల్‌లో. వీళ్ల పొద్దుకు అది అర్ధరాత్రి అవుతుంది, పర్లేదు, మేలుకుని ఉంటాం. తండాలో ఉన్నవాళ్లు ఒక్క సాయం చేయండి. అవ్వలు, పెద్దమ్మలు లేంగి పాడేటప్పుడు ఫోన్ దగ్గరగా పెట్టి పూర్తిగా రికార్డు చేసి పంపండి, మధ్యలో నవ్వులు, తిట్లు తీసేయొద్దు. ఏ తండా, ఎవరు నేర్పిన పాట అని పక్కన రాయండి. మాకు ఇక్కడ పాడేవాళ్లు ఇద్దరే ఉన్నారు, అందులో ఒకరికి సగం చరణాలు మరుపుకొచ్చాయి.